ఊట నీళ్లకు ఊరి కట్టుబాట్లు రాసుకోవడం ఎలా

పాడేరు నుంచి ముంచింగిపుట్టు వెళ్లే దారిలో ఏ గూడెంలో దిగినా ఒక సిమెంటు ట్యాంకు కనిపిస్తుంది. దాని మీద పథకం పేరు, అంచనా విలువ, కట్టిన సంవత్సరం రాసి ఉంటాయి. ఆ ట్యాంకు ఎవరు కడగాలి, పైపు పగిలిన రోజున ఎవరు కొండెక్కాలి, నీళ్లు బాగోలేవని తేలిన సాయంత్రం ఆ మాట ఊరికి ఎవరు చెప్పాలి అన్నవి మాత్రం ఎక్కడా రాసి ఉండవు. పథకాలు పడకేసేది సిమెంటు బాగోలేక కాదు, ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేకే.

గ్రామీణ నీటి సరఫరా శాఖలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరుగా) చేసి రిటైరయ్యాను. ఇప్పుడు పిలిచిన గూడేనికల్లా వెళ్లి, వాళ్ల తాగునీటి కట్టుబాట్లు వాళ్లు రాసుకుంటుంటే పక్కన కూర్చుంటాను. నేను రాయను. ఇంజినీరు రాసిన కాగితం ఇంజినీరు బదిలీ అవగానే చెల్లదు. పంచాయతీ కార్యదర్శులు, పీసా (షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకు అధికారం ఇచ్చే చట్టం) కమిటీవాళ్లు, డిగ్రీ చదివి ఊళ్లోనే ఉంటున్న పిల్లలు ఈ పని ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలని అడుగుతుంటారు. వాళ్లకోసమే ఇది.

ముందే ఒక మాట. నీళ్లలో ఏది ఎంతకు మించకూడదు అన్నది దేశమంతటికీ ఒకటే. దాన్ని ఐఎస్ 10500 ప్రమాణం అంటారు. 100 మిల్లీలీటర్ల నీటిలో మలం నుంచి వచ్చే ఇ. కోలై క్రిమి అసలు కనిపించకూడదు. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఫ్లోరైడు 1 లోపే ఉండాలి, వేరే నీటి వనరు లేకపోతే 1.5 వరకు ఓర్చుకోవచ్చు. కొండ మీద ఉన్నాం కదా అని ఇందులో సడలింపు అడగకండి, ఎవరైనా ఇస్తామన్నా పుచ్చుకోకండి. మిగతాదంతా, అంటే ఎవరు, ఎప్పుడు, ఎంత డబ్బుతో, తప్పితే ఏమిటి అన్నది ఊరు తేల్చుకోవాలి. ఈ రెంటినీ కలగలిపి రాస్తే కాగితం చెడుతుంది.

మీ ఊరు ఏ జాబితాలో ఉంది?

రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ఆదివాసీ ప్రాంతంగా నోటిఫై అయిన ఊరైతే మీ చేతిలో పీసా చట్టం ఉంది. 1996లో పార్లమెంటు చేసింది, మన రాష్ట్రంలో నిబంధనలు 2011లో వచ్చాయి. మీకు కావలసింది అందులోని 4వ సెక్షన్. సామాజిక వనరులను, ఆచారాలను కాపాడుకునే సామర్థ్యం గ్రామసభకు ఉందని అది ఒప్పుకుంటుంది. ఏ పథకమైనా అమలుకు ముందు గ్రామసభ ఆమోదం పొందాలంటుంది. చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలంటుంది. ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది: ఆ చట్టం ప్రకారం గ్రామం అంటే పంచాయతీ కాదు. తన ఆచారం ప్రకారం తన వ్యవహారం తాను చూసుకునే ఒక గూడెం కూడా గ్రామమే. ఒక్కో పంచాయతీలో పది, ఇరవై గూడేలుండే మన ఏజెన్సీలో ఇది ప్రాణం లాంటి మాట. పంచాయతీ ఆఫీసు ముందు జరిగిన సభలో మీ ఊట గురించి తీర్మానం చేస్తే, ఆ ఊట నీళ్లు ఏనాడూ ముంచనివాళ్లు మీ కట్టుబాటుకు చేతులెత్తినట్టే. సభ మీ గూడెంలోనే పెట్టించండి.

నోటిఫై కాని ఊళ్లూ ఉన్నాయి. అనకాపల్లి జిల్లాలో రోలుగుంట, రావికమతం, గొలుగొండ వైపు కొండల్లో ఆదివాసీలే ఉన్నా ఐదో షెడ్యూలులోకి రాని గూడేలు చాలా ఉన్నాయి. అక్కడ పీసా పేరుతో తీర్మానం రాస్తే ఆఫీసులో మొదటి పేజీ దగ్గరే ఆపేస్తారు. మీరు మామూలు గ్రామసభ ద్వారా, ఇంటింటికీ కొళాయి ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద ఏర్పడే గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీ ద్వారా వెళ్లండి. అటవీ హక్కుల చట్టం మాత్రం మీకూ వర్తిస్తుంది. 2006 నాటి ఆ చట్టం 5వ సెక్షన్ నీటి వనరులను, వాటికి నీరందించే పరీవాహక ప్రాంతాన్ని కాపాడే అధికారం హక్కుదారులకు, గ్రామసభకు ఇచ్చింది. అడవిలోంచి తాగునీటి పైపు వేయనివ్వడం లేదన్న గొడవకు కూడా జవాబు అందులోనే ఉంది. 3వ సెక్షన్, 2వ ఉపసెక్షన్ చదవండి. ఒక్కో పనికి హెక్టారు కన్నా తక్కువ భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించని నరుకుడు, గ్రామసభ సిఫార్సు ఉంటే తాగునీటి పైపులకు అటవీ భూమి ఇవ్వవచ్చు.

కాగితం కన్నా ముందు కొండ

ఒక పొద్దున్న ఊట దగ్గర మొదలుపెట్టి పైకి నడవండి. కిందికి కాదు, పైకి. ఊటకు నీళ్లు వచ్చేది అటునుంచే. వెంట ఎవరుండాలంటే, రోజూ నీళ్లు మోసే ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు, పశువుల్ని తోలే కుర్రాడు, ఊరి దిసారి (మంచి రోజులు చెప్పే పెద్ద) లేదా పూజారి, ఆ వాలులో పోడు ఉన్నవాళ్లు. సర్పంచి గారు వస్తే మంచిదే, రాకపోయినా పని ఆగదు. ఏ బండ కింద చెమ్మ ఉంటుంది, ఏ గెడ్డ (వాగు) ఏ నెలలో ఎండుతుంది, ఒకప్పుడు ఊట ఎక్కడ ఉండేది అన్నవి ముసలివాళ్లకే తెలుసు. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండే రాయికి ఇక్కడి ఖోందు ఆదివాసీల పేరు మీదే ఖోండలైట్ అని పేరు పెట్టారు భూగర్భ శాస్త్రవేత్తలు. ఆ రాయి పైపొర ఎండకూ వానకూ చివికి, వాన నీటిని తాగి పట్టుకుంటుంది. గట్టి రాయి తగిలిన చోట ఆ నీరే ఊటగా బయటపడుతుంది. అంటే మీ ఊట ఆరోగ్యం మీ ట్యాంకులో లేదు, పైన చివికిన ఆ మట్టిలో ఉంది.

నడిచేటప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: వాన పడ్డాక నీళ్లు ఎంతసేపటికి ఎర్రబడతాయి? కొన్ని గంటల్లోనే ఎర్రబడితే, పై నీరు ఎక్కడో తిన్నగా ఊటలోకి దిగుతోందన్నమాట. మలం, పశువుల పేడ దిగే దారీ అదే. అలాంటి ఊటకు కట్టుబాటు రాసేముందు, ఊట పెట్టెకు (ఊట నీళ్లు పట్టే తొట్టికి) మూత, పైవైపున వాన నీటిని పక్కకు మళ్లించే కాలువ, చుట్టూ కంచె వేయించాలి. లేకపోతే ఎంత మంచి కట్టుబాటు రాసినా వృథా.

తర్వాత కొలత. 20 లీటర్ల బకెట్టు, సెల్‌ఫోన్లో గడియారం చాలు. కొలవాల్సింది మే నెలలో. అక్టోబరులో కొలిచి పథకం వేసేవాళ్లు చాలామంది ఉన్నారు, అప్పుడు ఏ ఊటైనా గంగానదే. మేలో బకెట్టు నిండడానికి 2 నిమిషాలు పట్టిందనుకోండి. గంటకు 600 లీటర్లు, రోజుకు 14,400 లీటర్లు. ఊళ్లో 270 మంది ఉంటే, జల్ జీవన్ మిషన్ లెక్కన మనిషికి 55 లీటర్ల చొప్పున 14,850 లీటర్లు కావాలి. 450 లీటర్లు తగ్గాయి. పైగా ఈ లెక్క రాత్రి పడే నీళ్లన్నీ ట్యాంకులో ఆగితేనే కుదురుతుంది, ఇందులో పశువుల నీళ్లు లేవు. కాబట్టి ఈ ఊరికి ఎండాకాలపు వంతు తప్పదు. ఈ అంకెను పలక మీద రాసి సభలో చూపించండి. వంతు గురించి గంటలకొద్దీ సాగే వాదన అంకె చూశాక సగానికి తగ్గుతుంది.

ఊటకు పైన ఏం జరగకూడదు

కట్టుబాట్లలో నేను ఎక్కువసేపు కూర్చోబెట్టేది దీని మీదే. నీళ్లు పాడయ్యాక శుభ్రం చేయడానికి మందు, డబ్బు, చదువు కావాలి. పాడు కాకుండా ఆపడానికి ఊరి మాట చాలు.

మన ఏజెన్సీలో ఊటకు పైన జరిగే పనులు ఏమిటో చూడండి. కాఫీ పళ్లను పల్పింగు చేసిన (గుజ్జు తీసి కడిగిన) నీళ్లు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గెడ్డల్లోకి వదులుతారు. పుల్లటి కంపు కొట్టే ఆ నీటిలో తీపి గుజ్జు కుళ్లి, నీటిలోని ప్రాణవాయువును మింగేస్తుంది. పసుపు ఉడకబెట్టిన నీళ్లు వేరే. మార్చి, ఏప్రిల్‌లో పోడు కాలిస్తే పైన తేలి ఉన్న నల్లటి పైపు కరిగిపోతుంది, తొలి వానకు బూడిద, మట్టి కలిసి దిగుతాయి. చేలల్లో కొట్టే గడ్డి మందు ఇప్పుడు కొత్తగా వచ్చింది. అరకు, వంజంగి వైపు ఉన్నవాళ్లకు టూరిస్టులు అదనం. మబ్బులు చూడ్డానికి తెల్లవారుజామున వందల మంది కొండెక్కుతారు, వాళ్లకు మరుగుదొడ్డి ఎక్కడ అని ఎవరూ అడగరు.

వీటిని "నీటిని కలుషితం చేయరాదు" అని ఒక్క ముక్కలో రాస్తే ఎవరికీ తగలదు. పని పేరు, చోటు పేరు, నెల పేరు ఉండాలి. ఒక ఊరు రాసుకున్నది దాదాపు ఇలా ఉంటుంది:

"మామిడి చెట్టు బండ నుంచి పైన కొండ నెత్తి వరకు, రెండు గెడ్డల మధ్య ఉన్న వాలు మన ఊట జాగా. ఈ జాగాలో కాఫీ పల్పింగు చేయకూడదు. మిషను ఊరి కింద, చింతతోపు దగ్గరే పెట్టాలి, ఆ నీళ్లు గుంటలో ఇంకాలి. ఇక్కడ ఇప్పటికే ఉన్న పోడు ఉంటుంది, కొత్తగా కొట్టకూడదు. పోడు కాల్చే ముందు రోజు నీటి కమిటీకి చెప్పాలి, పైపు మీద మట్టి కప్పాకే నిప్పు పెట్టాలి. గడ్డి మందు ఈ జాగాలో ఎవరూ కొట్టకూడదు."

ఇందులో "ఇప్పటికే ఉన్న పోడు ఉంటుంది" అన్న వాక్యం చూడండి. అది లేకపోతే ఆ వాలులో భూమి ఉన్న నాలుగిళ్లవాళ్లు సభకే రారు. వాళ్ల పొట్ట కొట్టి ఊరికి నీళ్లివ్వడం న్యాయం కాదు, నిలవదు కూడా. పనస, కాఫీ, మిరియం లాంటి చెట్టు పంటలకు మారేవాళ్లకు ఉపాధి హామీ పనుల్లో ముందు చోటు అని ఇంకో వాక్యం చేర్చుకున్న ఊళ్లలో ఈ గొడవ తొందరగా సద్దుమణుగుతుంది.

మరుగుదొడ్డి గుంటలు, పశువుల సాల ఊటకు 30 మీటర్ల లోపు పనికిరావన్నది మామూలు లెక్క. వాలులో ఊటకు సరిగ్గా పైన అయితే ఆ దూరం కూడా చాలదు, ఊట జాగా మొత్తం వదిలేయండి. ఎవరైనా పక్కనే బోరు వేస్తామంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం గుర్తుచేయండి. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా బావి తవ్వకూడదు.

ఊట దగ్గర చెప్పులు విప్పడం, ఉమ్మకపోవడం, కొత్త పండగకు ముందు ఊట కడిగి పూజ చేయడం లాంటివి చాలా గూడేల్లో ముందునుంచీ ఉన్నవే. వాటిని కట్టుబాటులోకి తెచ్చుకోండి. ట్యాంకు కడిగే రోజును దిసారి చెప్పే రోజుతో కలిపేస్తే గుర్తుచేసే పని ఉండదు. కానీ ముట్టులో ఉన్న ఆడవాళ్లు ఊటకు రాకూడదని ఎవరైనా అంటే, దాన్ని కాగితం ఎక్కనివ్వకండి. అలాగే వేర్వేరు కులాలవాళ్లు కలిసి బతికే ఊళ్లలో ఒక కులంవాళ్లు కిందనే ముంచుకోవాలన్న పాత మాట అక్కడక్కడా ఇంకా ఉంది. అంటరానితనం పేరుతో ఎవరినైనా నీటి దగ్గర ఆపడం 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద నేరం, అందులో ఊట అన్న మాట కూడా ఉంది. మంచి మనసు మీద వదిలేయకుండా "ఈ ఊట, ఈ కొళాయి ఎవరికైనా ఒకటే, ముందొచ్చినవాళ్లదే వంతు" అని మొదటి కట్టుబాటుగానే రాయండి. సభలో కొందరు నేల చూపులు చూస్తారు. చూడనివ్వండి.

ట్యాంకు, మందు

ఇక్కడ తక్కువ మాటలు, ఎక్కువ అంకెలు ఉండాలి.

బ్లీచింగ్ పౌడరు మంచిదైతే 1000 లీటర్లకు 2.5 గ్రాములు, అంటే 10 వేల లీటర్ల ట్యాంకుకు 25 గ్రాములు. కిరాణా కొట్టు తూకం మీద ఒకసారి తూచి, ఒక ప్లాస్టిక్ గ్లాసు మీద గీత పెట్టుకోండి. ఇక రోజూ తూచక్కర్లేదు. పౌడరును ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీళ్లతో ముద్ద చేసి, నీళ్లు పోసి కలిపి, పది నిమిషాలు ఆగితే సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లే ట్యాంకులో పోయాలి. కనీసం అరగంట ఆగాకే కొళాయిలకు వదలాలి. రాత్రి ట్యాంకు నిండాక కలిపి పొద్దున్న వదిలితే తేలిక.

మన దగ్గర తేమకు పౌడరు త్వరగా పదును పోగొట్టుకుంటుంది. ఏడాదికి సరిపడా బస్తా తెచ్చి పంచాయతీ గదిలో మూల పడేస్తే ఆర్నెల్ల తర్వాత అది సున్నం పిండితో సమానం. కొద్దికొద్దిగా తెచ్చి, గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో నీడలో పెట్టండి. బురద నీళ్లలో మందు పనిచేయదని కూడా రాసుకోండి. నీళ్లు ఎర్రగా ఉన్న రోజు గ్లాసు పెంచడం పరిష్కారం కాదు. ముందు తేరనివ్వాలి, లేదా ఇసుక ఫిల్టరు దాటించాలి.

మందు సరిపోయిందో లేదో ట్యాంకు దగ్గర కాదు, చివరి కొళాయి దగ్గర చూడాలి. నీటిలో మిగిలిన క్లోరిన్‌ను రంగుతో చూపే క్లోరోస్కోపులో పసుపు రంగు లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల దగ్గర కనిపించాలి. ఊళ్లో వాంతులు విరేచనాలు ఉన్నప్పుడు 0.5 ఉండేలా చూస్తాం.

ఇక అసలు చిక్కు వాసన. "ఊట నీళ్లు తియ్యగా ఉండేవి, మీరొచ్చి మందు కంపు చేశారు" అంటారు. ఆ మాట నిజమే, వాదించకండి. పిల్లలకు విరేచనాలు ఏ నెలల్లో ఎక్కువో ఆశ కార్యకర్తను సభలో చెప్పమనండి. వానలు మొదలైన దగ్గర్నుంచి మందు తప్పనిసరి, మిగతా నెలల్లో పరీక్ష బాగోకపోతేనే అని ఒక ఊరు ఒప్పుకుంటే నేనైతే సరే అంటాను. ఏడాది పొడవునా వేయాలనే పుస్తకం మాట నాకు తెలుసు. ఏడాదంతా వేస్తామని రాసి ఒక్కరోజూ వేయని ఊళ్లు కూడా తెలుసు. ఊట పెట్టెకు మూత, కంచె సరిగా ఉండి, ప్రతి నెలా పరీక్ష చేసేవాళ్లు ఉన్నచోటే ఈ సడలింపు. ఆ రెండూ లేని చోట పుస్తకం మాటే.

సీసా నల్లబడిన సాయంత్రం

జల్ జీవన్ మిషన్ కింద ఒక్కో ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష కిట్టు మీద శిక్షణ ఇవ్వాలి. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో కనుక్కోండి. పేర్లు కాగితం మీదే ఉంటే, సభలో కొత్తగా ఎన్నుకుని మండలంలో శిక్షణ అడగండి. ల్యాబులో రసాయనాల పరీక్ష ఏడాదికోసారి, సూక్ష్మక్రిముల పరీక్ష వానలకు ముందొకసారి, తర్వాతొకసారి చేయించాలి. ల్యాబుకు పంపే నీళ్లు వాళ్లిచ్చిన శుద్ధి చేసిన సీసాలోనే పట్టాలి, మూతి లోపల వేలు తగలకూడదు, చల్లగా అదే రోజు చేర్చాలి. జి.మాడుగుల లోపలి గూడెం నుంచి అదే రోజు చేర్చడమంటే బండి ఎవరిదో, పెట్రోలు డబ్బు ఎక్కడిదో కూడా కట్టుబాటులో ఉండాలి.

ఊళ్లో చేసుకునేది హెచ్‌టూఎస్ సీసా. గీత దాకా నీళ్లు పోసి మూత పెట్టి ఉంచితే, మలం తాలూకు క్రిములున్న నీళ్లు ఒకటి రెండు రోజుల్లో నల్లబడతాయి. డిసెంబరు చలిలో ఆలస్యమవుతుంది. అప్పుడు గుడ్డ చుట్టి వెచ్చటి గదిలో పెట్టి, పూర్తిగా 48 గంటలు ఆగాకే "బాగుంది" అనాలి. ఇక బోరు నీళ్లు పట్టినప్పుడు తేటగా ఉండి, తెల్లారేసరికి బిందెలో ఎర్రబడితే అది ఇనుము, బురద కాదు. కిట్టులో దానికి వేరే పరీక్ష ఉంది. ఫ్లోరైడు మన ఊటల్లో సాధారణంగా తక్కువే, అయినా ఒకసారి చూపించండి. నల్లగొండవాళ్లు పడ్డ బాధ తెలిసిన ఏ తెలుగువాడూ ఆ పరీక్ష వదిలేయడు.

సరే, సీసా నల్లబడింది. ఇప్పుడేం చేయాలి? కట్టుబాట్ల కాగితం మొత్తంలో ఒక్క పేరానే దాచుకోవాలంటే నేను దీన్నే దాచుకుంటాను:

"సీసా నల్లబడినట్టు చూసినవాళ్లు ఆ పూటే నీటి కమిటీలో ఇద్దరికి చెప్పాలి. చీకటి పడేలోగా బారికి (ఊరి కబురు చెప్పేవాడు) ఊరంతా చాటింపు వేయాలి. బడి, అంగన్‌వాడీలకు విడిగా చెప్పాలి. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం కాచిన నీళ్లే తాగాలి. మర్నాడు పొద్దున్న వంతు ఉన్న నాలుగిళ్లవాళ్లు ట్యాంకు ఖాళీ చేసి కడిగి మందు వేయాలి. ఏఎన్ఎంకూ, నీటి సరఫరా ఏఈకీ ఫోను చేసి, చేసిన టైము పుస్తకంలో రాయాలి. మళ్లీ సీసా పెట్టి, నల్లబడకపోతేనే కాచుకోవడం ఆపమని చాటింపు వేయాలి. కట్టెలు లేని ముసలివాళ్ల ఇంటికి కాచిన నీళ్లు పక్కింటివాళ్లు ఇవ్వాలి."

చివరి వాక్యం నేను ఏ మార్గదర్శకాల్లోనూ చదవలేదు. అలాంటి వాక్యాలు సభలోంచే పుడతాయి, ఆఫీసులోంచి పుట్టవు. "సీసా చూసినవాళ్ల మీద ఎవరూ మాట అనకూడదు" అని కూడా చేర్చుకోండి. ఊరికి చెడ్డపేరు తెచ్చిందని పరీక్ష చేసిన ఆడపిల్లను తిడితే, వచ్చే నెల నుంచి మీ సీసాలన్నీ తెల్లగానే ఉంటాయి.

డబ్బు

కెనడాలో ఆదివాసీ తెగల తాగునీటి కోసం అక్కడి ప్రభుత్వం ఒక చట్టం చేసింది. 2013లో అమల్లోకి వచ్చింది. నిధుల హామీ లేకుండా బాధ్యతలు మాత్రం మా నెత్తిన పెడుతున్నారని తెగల నాయకులు అభ్యంతరం చెప్పారు. ఆ చట్టం కింద ఒక్క నిబంధన కూడా తయారు కాలేదు, 2022లో దాన్ని రద్దు చేశారు. అంతకుముందు ఏడాదే, ఏళ్ల తరబడి నీళ్లు కాచుకుని తాగిన తెగలు వేసిన కేసులో ప్రభుత్వం 800 కోట్ల డాలర్ల రాజీకి వచ్చింది. అంత డబ్బున్న దేశంలోనే డబ్బు మాట లేని చట్టం కదల్లేదు. మన గూడెం కాగితం కదులుతుందా?

అందుకని ప్రతి కట్టుబాటు పక్కన ఖర్చు రాయండి. బ్లీచింగు, సీసాలు, వాల్వు, కొండెక్కి పైపు చూసేవాడి కూలి, ల్యాబుకు వెళ్లే పెట్రోలు. ఏది ఊరు పెట్టుకుంటుంది, ఏది పంచాయతీది, ఏది శాఖది అని మూడు వరుసలు. 15వ ఆర్థిక సంఘం 2021-26కి పంచాయతీలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతం నీళ్లకూ పారిశుద్ధ్యానికే కట్టేసి ఇచ్చింది. కార్యదర్శిని ఆ లెక్క సభలో చదవమనండి, అడగడం మీ హక్కు. పథకం కొత్తగా కడుతున్నారంటే, కొండ ప్రాంతాలకూ ఆదివాసీలు సగానికి మించి ఉన్న ఊళ్లకూ ఊరి వాటా 5 శాతమే, అదీ ఊళ్లోపలి పనుల ఖర్చులో. కూలి రూపంలో కూడా ఇవ్వొచ్చు. 10 శాతం అడిగితే ఇవ్వకండి.

ఇంటి చందా నెలనెలా పెట్టకండి. ఉద్యోగస్తుల ఊళ్లకు పనికొచ్చే పద్ధతి అది. మనవాళ్ల చేతికి డబ్బు కాఫీ, మిరియాలు అమ్మినప్పుడు వస్తుంది. ఏడాది చందా అప్పుడే ఒక్కసారి తీసుకోండి. ఇవ్వలేనివాళ్లు చోళ్లో, రాజ్‌మానో ఇస్తారు, లేదా ట్యాంకు కడిగే వంతు రెండుసార్లు చేస్తారు. చందా కట్టలేదని కొళాయి మాత్రం కట్టేయకూడదు, అదీ రాసి ఉండాలి. ఖాతా పోస్టాఫీసులోనో బ్యాంకులోనో ఇద్దరు సంఘం మహిళల సంతకంతో ఉంటే మంచిది. జరిమానాలు చిన్నవి పెట్టండి. 5 వేలు అని రాస్తే ఎవరూ వసూలు చేయరు. వంద రూపాయలు, ఒక రోజు ఊట జాగాలో పని అని రాస్తే వసూలవుతుంది. టూరిస్టుల బండ్లు ఆపే చోట రుసుము పెట్టుకోవాలంటే పంచాయతీ తీర్మానంతో రసీదు పుస్తకం పెట్టి తీసుకోండి.

సభ, సంతకాలు, కాపీలు

ముసాయిదాను ఊళ్లో మాట్లాడే భాషలో చదివి వినిపించండి. కువి అయితే కువి, ఆదివాసీ ఒడియా అయితే ఆదివాసీ ఒడియా. తెలుగు కాగితం ఆఫీసుకు. ఒక్కో కట్టుబాటు చదివి, "ఇది తప్పితే ఎవరికి చెప్తావు?" అని వెనక వరుసలో కూర్చున్నవాళ్లను అడగండి. జవాబు రాకపోతే ఆ కట్టుబాటు ఇంకా తయారు కాలేదు. ఆడవాళ్లు మాట్లాడేలోపు సభ ముగించకండి. అడ్డతీగల వైపైనా అరకు వైపైనా సంత రోజు సభ పెట్టకండి, కోరం ఉండదు.

ఒకే ఊట రెండు గూడేలకు పోతుంటే రెండు సభలూ ఒకే కాగితం మీద సంతకం చేయాలి. కింద ఊరివాళ్లు పై ఊరి కంచెకు తీగ కొనిస్తారు, పై ఊరివాళ్లు వారానికోసారి ఊట పెట్టె చూస్తారు. ఇచ్చిపుచ్చుకోవడం లేకుండా పై ఊరు కింద ఊరి మాట ఎందుకు వినాలి? ఒడిశా సరిహద్దులో గెడ్డ అటునుంచి వస్తుంటే, అటువైపు ఊరి పెద్దలతో ముందు కూర్చోండి. ఆఫీసర్ల ఉత్తరాలు తర్వాత.

తీర్మానం మీద సర్పంచి, పీసా ఉపాధ్యక్షుడు, కార్యదర్శి సంతకాలు, హాజరైనవాళ్ల సంతకాలు, వేలిముద్రలు ఉండాలి. కాపీలు ఐదు: పంచాయతీకి, ఎంపీడీవోకు, నీటి సరఫరా శాఖకు, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పీవోకు, పీహెచ్‌సీకి. ఊట జాగా అడవిలో ఉంటే ఆరోది అటవీ రేంజి ఆఫీసుకు. ప్రతి కాపీ మీదా అందినట్టు ముద్ర, తేదీ వేయించుకుని మీ కాపీని ఫోటో తీసి పెట్టుకోండి. అసలు కాగితం కమిటీలో ఒకరింట్లో ప్లాస్టిక్ సంచీలో ఉండాలి, ఎవరింట్లో అన్నది ఊరందరికీ తెలిసి ఉండాలి. వానలు తగ్గాక, దసరా వెళ్లిన వారంలో, మళ్లీ సభ పెట్టి పుస్తకం తెరవండి. సీసా ఎన్నిసార్లు నల్లబడింది, ఫోను ఎవరు ఎత్తారు, ఎవరు ఎత్తలేదు, ఏ కట్టుబాటు ఎవరూ పాటించలేదు అని చదవండి. ఎవరూ పాటించనిదాన్ని మార్చండి లేదా కొట్టేయండి. మార్చిన కాపీకి కూడా ముద్ర వేయించుకోవడం మరవకండి.